మిట్టమధ్యాహ్నపు ఈగ

మాఘం, పూత రోజులు

ఈగల శాలలో పనిచేసే ప్రతి ఒక్కరూ రోజు విశేషం రాయాలని మెట్టల సభ నియమం. రాసింది ఎవరూ చదవరు. చదవరని తెలిసే నేను ఇందులో ఈగల గురించి కొంత, మనుషుల గురించి కొంత రాస్తుంటాను.

ముందు ఈగల సంగతి. పొద్దున కిరణాల పెట్టెలోంచి తీసిన గింజలకు గులాబీ పొడి పట్టించాం. గింజలంటే రెక్కలు రాకముందు ఈగలు పడుకునే గూళ్ళు. ఎర్రబియ్యం గింజల్లా ఉంటాయి కాబట్టి మాకు ఆ పేరే అలవాటైంది. కిరణాలు సోకడం వల్ల వాటిలోంచి వచ్చే మగ ఈగలకు పిల్లలు పుట్టరు. తోటవాళ్ళు వాటిని గొడ్డుపోతులంటారు. ఎండ గంటకు లోపలికెళ్ళిన జనం, ఎండ తగ్గి రెండో గంట మోగి బయటికి వచ్చాక, సంధ్యవేళ వాటిని ప్రతి మెట్ట మీదా వదులుతాం. తోటలో పుట్టిన ఆడ ఈగ వీటితో జతకడితే దాని గుడ్లు పొదగవు. పొదగకపోతే మామిడికాయలో పురుగుండదు. సముద్రం మైదానాన్ని మింగి మా తాతలు ఈ కొండలెక్కినప్పటి నుంచీ మేం బతుకుతున్నది ఈ ఒక్క మోసం మీదే.

ఇక మనుషుల సంగతి. మా మరిది సింహాద్రి సాలూరు మెట్టల నుంచి పెళ్ళికూతుర్ని తీసుకుని వచ్చాడు. పేరు నాగావళి. అక్కడి శాలలో జన్యువులు చదవడం నేర్చుకుందట. చదివే యంత్రం కూడా వెంట తెచ్చింది. రేపటి నుంచి మా శాలలోనే పని.

మా అత్త పైడమ్మ చల్లగాలి గొట్టం పక్కనుండే మంచం ఆ పిల్లకిచ్చేసింది.

"కొత్త పిల్ల. దానికి మన ఉక్క అలవాటు లేదే గవరమ్మా" అంది నాతో.

నాకూ పద్దెనిమిదేళ్ళుగా అలవాటు కాలేదని చెప్పబోయి ఊరుకున్నాను.

మాఘం, పూత ముదిరింది

శాల వెనక గోడంతా నేను ఈగలు గుచ్చిపెట్టిన అద్దాల పెట్టెలే. ఇవాళ నాగావళికి అవన్నీ చూపించాను. చూపించడమంటే, ఒక ఆడది తన నగలు ఇంకో ఆడదానికి చూపించడం లాంటిదే అది.

పండు ఈగ అని లోకం ఒక్క మాటతో సరిపెట్టేస్తుంది. మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఎర్రకళ్ళ ఈగ వేరు. అది పులిసినదాన్ని నాకి బతికే పులుపు ఈగ, దాని వంశమే వేరు. మేం కాపలా కాసేది బాగున్న కాయను తోకసూదితో పొడిచి లోపల గుడ్లు పెట్టే దొంగ కోసం. ఈ దొంగల్లో మళ్ళీ ఎన్ని రకాలో. దోసపాదు ఈగకు రెక్కల మీద మచ్చలుంటాయి. గుమ్మడి ఈగ నడుం సన్నగా కందిరీగలా ఉంటుంది. రేగుపండు ఈగ రెక్కలకు చారలు. జామ ఈగది ఎర్రమట్టి రంగు. మామిడి ఈగకు నల్లని వీపు, రెండు భుజాల మీదా పసుపు బొట్లు. బొప్పాయి ఈగ కూడా అచ్చం అలాగే ఉంటుంది కానీ తోకసూది వెంట్రుకవాసి పొడవు. ఆ వెంట్రుకవాసిని పట్టుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నాగావళి ఓపిగ్గా విన్నది. మంచి ప్రశ్నలడిగింది. తర్వాత ఒక మామిడి ఈగ కాలు, ఒక బొప్పాయి ఈగ కాలు అడిగి తీసుకుని యంత్రంలో వేసింది. మేం అన్నాలు తిని వచ్చేసరికి యంత్రం చదివేసింది.

"అక్కా, మరోలా అనుకోకు" అంది. "ఈ రెండూ ఒకటే."

"తోకసూది తేడా కనబడుతోంది కదా?"

"మనుషుల్లో పొడుగోళ్ళు, పొట్టోళ్ళు లేరేటి అక్కా? ఇదీ అంతే."

మర్యాదగానే చెప్పింది. బొప్పాయి ఈగ పెట్టె మీదున్న చీటీ నా చేత్తోనే చింపాను. సింహాద్రి రాత్రి భోజనాల దగ్గర ఆ కథ చెబితే మా అత్త పొరబోయేలా నవ్వింది.

"ఇంట్లో కాలెట్టి పదిరోజులు కానేదు, ఏరుపడ్డ ఈగల్ని ఒకింటోళ్ళని సేసీసింది!"

పప్పు బాగుందని కూడా అన్నారు. పప్పు నాగావళి వండింది.

ఫాల్గుణం, పిందెలు

ఈ ఉదయం పనుకుల మెట్టలో ఎర కుండలు దించాను. మా మామగారు పోకముందు తన చేత్తో అంటుకట్టిన పనుకుల రకం మామిళ్ళున్న మెట్ట అది. ఇప్పుడు నా భర్త పోలినాయుడు వాటికి నీళ్ళు చూస్తాడు.

కుండలో తులసి రసం పూసిన దూది పెడతాం. ఆ వాసనకు మగ ఈగలు వచ్చి పడతాయి. గులాబీ పొడి ఉన్నవి మావి, లేనివి తోటవి. ఎప్పుడు కుండ తెరిచినా లోపల గులాబీ రేకులు పోసినట్టుండాలి. ఇవాళ తెరిస్తే నల్లగా ఉంది. పక్క కుండా అంతే.

ఇది చిన్న విషయం కాదు. గులాబీ కన్నా నలుపు ఎక్కువైన మెట్టను సభ గుర్తు పెట్టుకుంటుంది. కాయ కోతకొచ్చాక రెండోసారి పరీక్ష చేస్తుంది. అప్పుడూ అలాగే ఉంటే పక్క మెట్టలకు పాకకుండా చెట్లతో సహా కాల్చేస్తుంది. అలా కాలిపోయిన మెట్టలవాళ్ళు కింద రేవులో పడవలు తోముకుని బతుకుతున్నారు.

గొడ్డుపోతుల్ని రెట్టింపు వదలమని చెప్పాను. ఇంతకన్నా నాకు తెలిసిన మందు లేదు.

ఫాల్గుణం, పిందె గట్టిపడింది

రెట్టింపు వదిలినా కుండలు నల్లగానే ఉన్నాయి.

నాగావళి ఆ నల్లవాటిని యంత్రంలో వేసి చదివింది. మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"అక్కా, తోటలో ఉన్నవి రెండు జాతులు. ఒకటి మనం పెంచే మామిడి ఈగ. రెండోది మనకు తెలీని ఈగ. పెరుగుతున్నది అదే."

నాలో ఏదో తెగింది. "వచ్చీ రాగానే రెండింటిని ఒకటి చేశావు. ఇప్పుడు ఒకదాన్ని రెండు చేస్తున్నావు. ఉన్నది ఉన్నట్టు ఉంటే నీకు నచ్చదేటి?"

"కోప్పడకక్కా. ఓపాలి ఈ భూతద్దంలోంచి చూడు. ఈ రెండోదానికి భుజాల మీద పసుపు బొట్టు లేదు. గోధుమ రంగు."

చూశాను. "ముసలివి. ఎండకు మాసిపోయాయి."

"ముసలివైతే రెక్కలు చిరిగుండాలి కదా? వీటి రెక్కలు చూడు, నిన్న పుట్టినట్టున్నాయి."

అద్దం మీద మూత పెట్టేసి, గింజలు ఆరబెట్టాలని లేచి వెళ్ళిపోయాను.

నా బాధ ఏమిటో ఇక్కడ రాయాలి కదా, రాస్తాను. కొత్త జాతిని చూపించినవాళ్ళకే దానికి పేరు పెట్టే హక్కు. ఆ పేరునూ పెట్టినవాళ్ళ పేరునూ సభ వాకిట్లోని బండ మీద చెక్కుతారు. నేను శాలలో చేరిన తర్వాత ఆ బండ మీద ఉలి పడలేదు. పడితే నా కోసమే పడుతుందని అనుకుంటూ వచ్చాను. ఎవరితోనూ అనలేదు కానీ ప్రతి పండక్కీ ఆ బండ పక్కనుంచే నడిచేదాన్ని.

చైత్రం, పచ్చికాయ

సభ పెద్ద లింగన్న శాలకు వచ్చాడు. నాగావళి మాట విని తల పంకించి, పాత సూత్రమే చెప్పాడు. "రెండూ ఒకదానితో ఒకటి జతకట్టనప్పుడే వేరు జాతులమ్మా. యంత్రం చదివితే చాలదు. కళ్ళతో చూపించాల."

నాగావళి సరేనంది. దీపాల గదిలో వలగూడు కట్టి, అందులో మామిడి ఈగల మగవాటిని, గోధుమ భుజాల ఆడవాటిని వదిలింది. మర్నాడు పొద్దున చూస్తే జతకట్టి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, చాలా.

ఆ పిల్ల వలగూడు ముందు కుర్చీలో అలా కూర్చుండిపోయింది. నేను జాలిపడ్డట్టు భుజం మీద చెయ్యేశాను. బయటికి వచ్చి మాత్రం కనబడ్డవాళ్ళకల్లా చెప్పాను.

"ఏటే, ఇయాల నీ మొకం అలగ ఎలిగిపోతంది?" అని అడిగింది అత్త.

నా భర్తకు చెబితే నీళ్ళ గొట్టం బిగిస్తూ విన్నాడు. మామూలుగా ఎక్కువ మాట్లాడడు. ఇవాళ తలెత్తి, "అయితే ఈగలు తగ్గినాయేటి, నువ్వింత సంబరపడిపోతున్నావు?" అన్నాడు.

నాగావళి రాత్రి సరిగ్గా తినలేదు. నేను రెండోసారి వడ్డించుకున్నాను.

చైత్రం, కాయ ముదురుతోంది

నాగావళి ఊరుకోలేదు. దీపాల గది వేరు, తోట వేరు అంటూ సభ ముందు మళ్ళీ మాట్లాడ్డానికి అనుమతి తెచ్చుకుంది. నాకు భయం పట్టుకుంది. తోటలో కూడా ఆ రెండూ కలుస్తున్నాయని నేనే చూసి చెబితే ఇక ఆ కథ ముగిసిపోతుందనుకున్నాను.

వరసగా కొన్ని సంధ్యలు పనుకుల మెట్టలో కూర్చున్నాను. మామిడి ఈగ జతకట్టేది సంధ్యవేళే. వెలుగు పలచబడగానే మగవి ఆకుల కిందికి చేరి రెక్కలు కొట్టుకుంటూ సన్నగా పాడతాయి. పసుపు భుజాల ఆడవి వచ్చాయి. మా గులాబీ మగవాటితో కలిశాయి. గోధుమ భుజాలవి మాత్రం కొమ్మలకు కరుచుకుని రాళ్ళలా కూర్చున్నాయి. ఒక్కటీ కదల్లేదు. తెల్లవారుజామున వెళ్ళాను. అప్పుడూ అంతే.

మిగిలింది మధ్యాహ్నం.

మధ్యాహ్నం తోటలో ఏం జరుగుతుందో మా మెట్టల మీద ఎవరికీ తెలియదు. ఎండ గంట మోగాక అందరూ లోపలే ఉంటారు. ఇవాళ అందరూ పడుకున్నాక, లోపల చలవ నింపుకునే నా భర్త చొక్కా వేసుకుని, తలకు తడిగుడ్డ చుట్టుకుని బయల్దేరాను. పాదాల కింద రాయి పెనంలా ఉంది. గాలి కదలడం లేదు. పనుకుల మెట్టకు చేరేసరికి చొక్కాలోని చలవ సగం అయిపోయింది.

చెట్టు కింద పడుకుని పైకి చూశాను. ముందు ఏమీ కనబడలేదు. తర్వాత వినబడింది. సంధ్యవేళ పాట లాంటిదే, కానీ గొంతు కొంచెం హెచ్చు. చెట్టు చిటారున, ఎండ సూటిగా పడే లేత ఆకుల మీద, గోధుమ భుజాల మగవి వరసలు కట్టి రెక్కలాడిస్తున్నాయి. ఆడవి వచ్చి వాలుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి జతకడుతున్నాయి. మా గులాబీ పోతులు కింది నీడలో ముడుచుకుని నిద్రపోతున్నాయి. పసుపు భుజాలది ఒక్కటీ పైన లేదు.

ఒకే చెట్టు మీద రెండు కాపురాలు. ఒకరి వేళ ఒకరికి తెలియదు.

మెట్లు దిగుతుంటే కళ్ళు తిరిగి రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. ఆ ఈగలంత అందమైనది నా జన్మలో చూడలేదు. నాగావళి మాటే నిజమని నా కళ్ళతో నేనే చూశాను. ఆ రెంటిలో ఏది ఎక్కువ మండిందో చెప్పలేను.

చైత్రం, మర్నాడు

ఇవాళ చెప్పలేదు.

శాలలో నాగావళి నా ఎదురుగానే కూర్చుని కుండల్లోని ఈగలను వేరు చేస్తోంది. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఆ పిల్ల గెలుస్తుంది. చెప్పకుండా సభ రోజున నేనే లేచి చెబితే? చూసినదాన్ని నేను. పేరు పెట్టే హక్కు నాదవుతుంది. అందులో తప్పేముంది?

తప్పేమీ లేదని అనుకుంటూ రోజంతా గడిపాను. సభ ఎంతో దూరంలో లేదు.

చైత్రం, కాయ రంగు తిరిగింది

ఇది రాయడానికి కూర్చుని చాలాసేపైంది.

పై మెట్టలవాళ్ళు గోల చేయడంతో రెండో పరీక్షను సభ ముందుకు జరిపింది. నిన్న కుండలు దించారు. నల్లగా ఉన్నాయి. ఇవాళ ఎండ గంటకు ముందే కాల్చేవాళ్ళు వచ్చారు. నేను శాలలోంచి పరుగెత్తి వెళ్ళేసరికి చెట్ల మొదళ్ళలో నూనె పోస్తున్నారు.

ఒక కొసన నిప్పంటుకోగానే నాగావళి వలసంచి పట్టుకుని ఆ చెట్ల మధ్యకు దూరింది. కొమ్మల మీది గోధుమ భుజాల ఈగలను సంచిలోకి దులుపుతోంది. బతికున్నవి లేకపోతే వాటి సంగతి ఎప్పటికీ తేలదు. జనానికి అదేం అర్థమవుతుంది?

"సెట్లు కాలిపోతంటే ఈగల్ని కాపాడుతంది సూడండి, ఏం కోడల్రా బాబూ!" అన్నారెవరో.

సింహాద్రి వెళ్ళి చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాడు. ముఖమంతా మసి, దగ్గు. సంచి మాత్రం వదల్లేదు.

మా అత్త గట్టు మీద కూర్చుని చూసింది. ఏడవలేదు. పనుకుల కాయలు మంటలో పగిలినప్పుడు వచ్చే తీపి వాసన మెట్టంతా కమ్మేసింది. "మీ మావ ఉన్నప్పుడు ఈ వాసనొస్తే ఊరంతా తెలిసిపోయేది, పళ్ళు దిగినాయని" అంది, ఎవరితోనో అన్నట్టు.

నా భర్త నీళ్ళ గొట్టాలు విప్పి చుట్టలు చుడుతున్నాడు. ఇక అక్కడ నీళ్ళతో పనిలేదు.

నేను ముందే చెప్పి ఉంటే సభ ఆగేది. ఆగకపోనూవచ్చు. ఆ రెండో మాట పట్టుకుని వేళ్ళాడదామని చూశాను. చేతికి చిక్కలేదు.

చైత్రం, మెట్ట కాలిన మూడోనాడు

వంటింట్లో నాగావళి మామిడికాయ తరుగుతోంది. పప్పులోకి. ఇంట్లో ఇంకెవరూ లేరు.

"అవి మధ్యాహ్నం జతకడతాయి" అన్నాను.

కత్తి ఆగింది. "ఏవి?"

"నీ ఈగలు. ఎండ నెత్తి మీదుండగా, చిటారు ఆకుల మీద. మనవి అప్పుడు నిద్రపోతాయి. కళ్ళారా చూశాను."

ఆ పిల్ల ముఖం వెలిగింది. ఆ వెలుగు నేను భరించలేకపోయాను, అందుకే అడక్కముందే మిగతాది కూడా చెప్పేశాను. "మెట్ట కాలకముందే చూశాను."

కత్తి నెమ్మదిగా కింద పెట్టింది.

"మావయ్య చెట్లక్కా అవి."

"తెలుసు."

"నామీద కోపమైతే నన్ను తిట్టాల్సింది. నాలుగు దెబ్బలు కొట్టినా పడేదాన్ని. చెట్లేం చేసినాయి నీకు? బావ ఏం చేసినాడు?"

ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయింది. తరగని మామిడికాయ ముందు నేను కూర్చున్నాను. ఇక ఈ ఇంట్లో నాతో మాట్లాడదనుకున్నాను. పొయ్యి మీద పప్పు అడుగంటడం మొదలెట్టాక తలుపు దగ్గర నిలబడింది. ముఖం కడుక్కుని వచ్చింది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆకు పైనా, కిందా?" అంది.

"పైన."

"పాట వినిపించిందా?"

"వినిపించింది. సంధ్యపాట కన్నా హెచ్చు."

వచ్చి పీట మీద కూర్చుంది. నావైపు చూడకుండా, పప్పు గిన్నెవైపు చూస్తూ మాట్లాడింది. "దీపాల గదిలో అందుకే కలిసినాయి. అక్కడ సంధ్య లేదు, మధ్యాహ్నం లేదు. ఒకటే వెలుతురు." ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నానని ఆమెకే తెలియనట్టుంది. "అక్కా, దీన్ని మనమే చేశాం."

"అంటే?"

"మన తాతల కాలం నుంచీ సంధ్యవేళ గొడ్డుపోతుల్ని వదులుతున్నాం. సంధ్యవేళ జతకట్టిన ప్రతి ఆడదాని వంశం అక్కడికక్కడే ఆగిపోయింది. ఎక్కడో ఏ ఒకటో రెండో వేళ తప్పి ఎండలో జతకట్టుంటాయి. వాటికే పిల్లలు మిగిలినాయి. ఆ పిల్లలకూ అదే బుద్ధి. ఈగకు ఏడాదిలో ఎన్ని తరాలు! మనం సంధ్యను మూసేస్తే అవి మధ్యాహ్నాన్ని తెరుచుకున్నాయి."

ఈ మాట నాకు తట్టలేదు. వాటిని చూసింది నేను, వాటి పాట విన్నది నేను, అయినా నాకు తట్టలేదు. ఆ క్షణంలో కూడా, అంత సిగ్గులో కూడా, నాలో అదే పాత మంట లేచింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక లేచి పొయ్యి ఆర్పాను.

వైశాఖం, సభ

నాగావళి తన చదువంతా చెప్పింది. తర్వాత నన్ను పిలిచారు. చూసింది చూసినట్టు చెప్పాను. మర్నాడు ఎండ గంట తర్వాత చలవ చొక్కాలు వేసుకుని తానూ ఇంకొందరూ వచ్చి చూస్తామన్నాడు లింగన్న. పనుకుల మెట్ట కాలాక మిగతా మెట్టల కుండల్లో కూడా ఆ ఈగ కనబడింది.

"మీరెప్పుడు చూసినారమ్మా?" అని అడిగాడు చివర్లో.

నిన్ననో మొన్ననో అంటే సరిపోయేది. నాగావళి నేల చూపులు చూస్తోంది. ఎవరికీ చెప్పలేదని, చెప్పదని నాకు తెలుసు. ఆ పిల్ల దయ మీద బతకడం నావల్ల కాదనిపించింది.

"పనుకుల మెట్ట కాలకముందు" అన్నాను.

సభలో గుసగుసలు లేచాయి. మా అత్త నావైపు చూసింది. ఆ చూపు గురించి ఇక్కడ రాయను. నా భర్త లేచి బయటికి వెళ్ళిపోయాడు.

వాళ్ళు స్వయంగా చూసి వచ్చాక తీర్పు చెప్పారు. శాల పెద్దరికం నా దగ్గర్నుంచి తీసి నాగావళికిచ్చారు. కొత్త ఈగను పెంచి, గొడ్డుపోతులను చేసి, మిట్టమధ్యాహ్నం వదలాలి. ఎండలో వదిలే ఆ పని ఎవరూ ఒప్పుకోరు కాబట్టి నాకిచ్చారు. కొత్త జాతికి పేరు పెట్టే హక్కు నాగావళిది.

"ఏం పేరు పెడతావమ్మా?" అన్నాడు లింగన్న.

నాగావళి ఆలోచించలేదు. ముందే అనుకుని వచ్చినట్టుంది.

"గవరమ్మ ఈగ" అంది.

సభ ఘొల్లున నవ్వింది. నవ్వనిది మేమిద్దరమే. ఉలి పడే శబ్దం వాకిట్లోంచి వినబడుతుండగా ఆమె వెనకే మెట్లు దిగాను.

"నన్ను పొగిడావా, తిట్టావా?" అని అడిగాను.

"నువ్వే వర్గీకరించుకో అక్కా" అని ముందుకు వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు, జ్యేష్ఠం

ఏడాదిగా ఇందులో ఈగల సంగతే రాశాను. ఇవాళ కొంచెం మనుషుల సంగతి.

నాగావళి మంట ముందు పట్టిన సంచెడు ఈగలే మా పెంపకానికి విత్తనమయ్యాయి. శీతాకాలమంతా వాటిని పెంచాం. ఎండాకాలం మొదలయ్యాక రోజూ మధ్యాహ్నం చలవ చొక్కా తొడుక్కుని మెట్టమెట్టకూ తిరిగి గోధుమ భుజాల గొడ్డుపోతులను వదిలాను. సంధ్యవేళ మామూలు పని మామూలుగానే సాగింది. ఉగాది దాటాక కుండల్లో గులాబీ రంగు తిరిగి కనబడింది. కిందటి నెల రెండో పరీక్షకు ఒక్క మెట్ట కూడా కాలలేదు.

నా భర్త ఆర్నెల్లు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఒకరోజు నేను ఎండలోంచి వచ్చి గోడకు ఆనుకుంటే తన చలవ చొక్కాలో చలవ నింపి నా కోసం కొక్కేనికి తగిలించాడు. మర్నాడు కూడా. పనుకుల మెట్టలో మళ్ళీ అంట్లు నాటారు. కాపుకు చాలా ఏళ్ళు పడుతుంది. మా అత్త రోజూ వెళ్ళి చూసి వస్తుంది, నన్ను రమ్మనదు.

శాలలో నాగావళి నాకు పెద్ద. గింజల తడి విషయంలో మొన్న నన్ను సరిదిద్దింది. ఆమె చెప్పిందే సరైనది. ఇంటికి వచ్చేదాకా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను.

ఆ పేరు మాత్రం నాకన్నా వేగంగా ఊళ్ళు తిరిగింది. కాయ కోసి లోపల పురుగు కనబడితే పిల్లలు "గవరమ్మ! గవరమ్మ!" అని అరుస్తారు. సాలూరులో అదొక తిట్టుగా వాడుతున్నారని సింహాద్రి చెప్పాడు.

ఇవాళ సువర్ణరేఖ పళ్ళు దించుకుని కింద రేవుకు వెళ్ళాం. దూరపు పడవలో వచ్చిన బేరగత్తె ఒకామె నాకు తెలియదు, ఆమెకూ నేను తెలియదు. బుట్టలో పండు తీసి వాసన చూసి, చుట్టూ తిప్పి చూసి, పొడిచిన మచ్చ కోసం గోటితో నొక్కి చూసింది. నా పక్కన నాగావళి ఇంకో బుట్ట దించుతోంది.

"ఈ ఏడు మీ కొండల్లో గవరమ్మ తగ్గిందా అమ్మా?" అని అడిగింది ఆమె.

నాగావళి బుట్ట వదలకుండా, వంగినది వంగినట్టే ఆగిపోయింది.

"తగ్గింది" అన్నాను. "పూర్తిగా పోలేదు."